వేణ్నీళ్ల నిల్వ: రాగి బాయిలరు నుంచి గీజరు, సోలారు దాకా పనిచేసే తీరు, అమర్చుకునే పద్ధతి

విజయనగరంలో మా అమ్మమ్మగారి పెరట్లో, నూతి గట్టుకు కాస్త దూరంగా, ఒక రాగి బాయిలరు ఉండేది. డోలును నిలబెట్టినట్టుండే ఆ పాత్ర నడిమధ్యన కింది నుంచి పైకి ఒక గొట్టం ఉండేది. అడుగున కొబ్బరి మట్టలు, జీడి కొమ్మలు పెట్టి ముట్టిస్తే మంట, పొగ ఆ గొట్టం గుండా పైకి పోతూ చుట్టూ ఉన్న నీటిని కాచేవి. పైన ఒక పక్క గరాటు, దానికి ఎదురుగా భుజం దగ్గర వంకర తిరిగిన కొమ్ము. గరాటులో ఒక చెంబు చన్నీళ్లు పోస్తే కొమ్ములోంచి ఒక చెంబు వేణ్నీళ్లు వచ్చి బకెట్లో పడేవి. పోయకపోతే చుక్క కూడా వచ్చేది కాదు. నేను ఊరికే బకెట్ పెట్టుకుని కొమ్ము వంక చూస్తూ నిలబడితే, "సన్నీల్లు పొయ్యకుండా ఏన్నీల్లు ఎలాగొస్తాయి బావూ?" అనేది ఆవిడ. ఒకసారి లోపల కళాయి వేయించడానికి దాన్ని విప్పినప్పుడు చూశాను: గరాటుకు అతికిన సన్నని గొట్టం లోపల అడుగుదాకా దిగి ఉంది, కొమ్ము మాత్రం పై అంచు దగ్గరే మొదలవుతోంది.

ఇవాళ స్నానాల గది గోడకు తగిలించే గీజరు, మేడ మీది సోలారు, కొత్తగా వస్తున్న హీట్ పంపు, అన్నీ లోపల ఆ బాయిలరు లాగానే అమరి ఉంటాయి. వేడి ఎక్కడినుంచి వస్తుందన్నదే తేడా. ఆ అమరిక అర్థమైతే ఏది కొనాలో, ఎంత పరిమాణంలో కొనాలో, ఎలా బిగించాలో, ఎందుకు పాడవుతుందో చాలావరకు మనమే తేల్చుకోగలం. అందుకే కొనుగోలు జాబితాతో కాక, నీటి స్వభావంతో మొదలుపెడుతున్నాను.

మొదటి పని: ట్యాంకులో నీరు ఎలా నిలబడుతుందో తెలుసుకోవడం

25 డిగ్రీల దగ్గర లీటరు నీరు సుమారు 997 గ్రాములు తూగుతుంది, 60 డిగ్రీల దగ్గర సుమారు 983 గ్రాములు. తేడా 14 గ్రాములే. కాని వేడినీరు పైన, చన్నీరు కింద పొరలుగా నిలబడటానికి ఆ తేడా చాలు. కదపకుండా ఉంచితే ఈ రెండు పొరలు గంటల తరబడి పెద్దగా కలవవు. నిల్వ ట్యాంకు పని అంతా ఈ పొరలను చెదరనివ్వకుండా వాడుకోవడమే. చన్నీటిని అడుగున, మెల్లగా వదలాలి. వేడినీటిని పై అంచు నుంచి తీసుకోవాలి. చన్నీరు వేగంగా దూసుకువస్తే పొరలు కలిసిపోయి, సగం నీళ్లు వాడేసరికే కుళాయిలో గోరువెచ్చన మొదలవుతుంది. అందుకే మంచి గీజర్లలో చన్నీటి ద్వారం దగ్గర, నీటి జోరును తగ్గించి పక్కలకు మళ్లించే చిన్న టోపీ లాంటి అమరిక ఉంటుంది.

ఇందులోంచే మరో విషయం తేలుతుంది. నిలువు ట్యాంకులో రెండు పొరలూ కలుసుకునే వైశాల్యం తక్కువ. అడ్డంగా పడుకోబెట్టిన ట్యాంకులో ఎక్కువ. కాబట్టి ఒకే పరిమాణంలో రెండు దొరికినప్పుడు, పైకప్పు మరీ కిందికి ఉంటే తప్ప, నిలువుదే తీసుకోవాలని నా అభిప్రాయం. నిలువుగా తగిలించడానికి తయారైన గీజరును చోటు చాలలేదని పక్కకు తిప్పి బిగించడం మాత్రం ఎన్నడూ చేయకూడదు. నీరు తీసుకునే గొట్టం పై అంచున ఉండదు, పైగా నీటిని కాచే కరెంటు కడ్డీ, అంటే ఎలిమెంటు, నీటిలో పూర్తిగా మునగక కాలిపోవచ్చు.

రెండవ పని: మన ఇంటికి ఎన్ని లీటర్లు కావాలో లెక్క కట్టడం

లీటరు నీటిని ఒక డిగ్రీ వేడి చేయడానికి ఒక కిలోకెలరీ కావాలి. ఒక యూనిట్ కరెంటులో 860 కిలోకెలరీలు ఉంటాయి. ఈ రెండు అంకెలు గుర్తుంటే ఎవరి మాటా నమ్మనవసరం లేదు.

నలుగురున్న ఇంటిని తీసుకుందాం. మన శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఎక్కువమంది బకెట్, చెంబుతోనే స్నానం చేస్తారు కాబట్టి మనిషికి 25 లీటర్లు, 40 డిగ్రీల వెచ్చదనంతో కావాలనుకుందాం. సంక్రాంతి రోజుల్లో తెల్లవారుజామున మేడ మీది ట్యాంకులో నీరు 22 డిగ్రీలు ఉందనుకుంటే, 100 లీటర్లను 18 డిగ్రీలు పెంచాలి. అంటే 1,800 కిలోకెలరీలు, దాదాపు 2.1 యూనిట్లు. కాని గీజరులో నీటిని 40 దగ్గర కాక 60 దగ్గర నిల్వ చేస్తాం. వేణ్నీళ్లకు చన్నీళ్లు తోడు అన్నట్టు, 60 డిగ్రీల నీరు 47 లీటర్లుంటే దానికి 53 లీటర్ల చన్నీరు కలిపి ఆ వంద లీటర్లూ తయారు చేసుకోవచ్చు.

దీన్నిబట్టి 25 లీటర్ల గీజరు ఇద్దరి స్నానానికి ఒకసారి కాగితే సరిపోతుంది. తర్వాతి ఇద్దరి కోసం మళ్లీ కాగాలి. 2 కిలోవాట్ల ఎలిమెంటుతో 25 లీటర్లను 22 నుంచి 60కి తేవడానికి 1.1 యూనిట్లు, సుమారు 33 నిమిషాలు పడుతుంది. నలుగురూ ఒక గంటన్నర వ్యవధిలో స్నానాలు ముగించే ఇంటికి 25 లీటర్లు చాలు. అందరూ ఒకేసారి బడికి, ఆఫీసుకు బయలుదేరే ఇంటికి, లేదా షవరు అలవాటున్న ఇంటికి 50 లీటర్లు కావాలి. ఇద్దరే ఉండే ఇంట్లో 15 లీటర్లది 20 నిమిషాల్లో కాగుతుంది. అవసరానికి మించిన ట్యాంకు కొంటే రోజూ వాడని నీటిని కాచి, చల్లార్చి, మళ్లీ కాచినట్టే.

మూడవ పని: రకాలను లోపలినుంచి చూసి ఎంచుకోవడం

నిల్వ గీజరును ముందుగా వివరంగా చెప్పాలి, ఎందుకంటే మన ఇళ్లలో ఎక్కువగా ఉన్నది అదే, సరిగా చూసుకోక పాడుచేసుకుంటున్నదీ అదే. గోడకు తగిలించిన నిలువు గీజరు కింద రెండు గొట్టాలు కనిపిస్తాయి. నీలం గుర్తు ఉన్నది చన్నీటిది. అది లోపల అడుగునే ఆగిపోతుంది. ఎరుపు గుర్తు ఉన్నది వేడినీటిది. అది లోపల పై అంచు దాకా నిలువుగా లేచి ఉంటుంది. మా అమ్మమ్మ బాయిలరులో గరాటు గొట్టం పైనుంచి అడుగుకు దిగితే, ఇక్కడ తీసుకునే గొట్టం అడుగునుంచి పైకి ఎక్కింది, అంతే. కుళాయి తిప్పగానే కింద చేరిన చన్నీరు పైనున్న వేడినీటిని నెట్టుతుంది. ప్లంబరు ఈ రెండు గొట్టాలను తారుమారు చేసి బిగిస్తే గీజరు కాగుతూనే ఉంటుంది గాని కుళాయిలో వెచ్చటి నీరు రెండు చెంబులకు మించి రాదు. కొత్త గీజరు "పనిచేయడం లేదు" అనుకునే ముందు ఈ ఒక్కటీ చూడండి.

లోపలి ట్యాంకు స్టెయిన్‌లెస్ స్టీలుతో గాని, లోపలివైపు గాజు పూత పూసిన ఉక్కుతో గాని చేస్తారు. ట్యాంకుకు, పై తొడుగుకు మధ్య వేడి పోకుండా పఫ్ అనే నురుగు నింపుతారు. ఎలిమెంటు అడుగున ఉంటుంది, ఎందుకంటే కింద వేడెక్కిన నీరే తనంతట తాను పైకి లేచి మొత్తాన్ని కాస్తుంది. కోరిన వేడికి చేరగానే థర్మోస్టాట్ కరెంటు ఆపుతుంది. అది పాడై ఆపలేకపోతే, ఇంకా పై వేడి దగ్గర థర్మల్ కటౌట్ ఆపుతుంది. ఈ రెండూ విఫలమైతే ఒత్తిడిని సేఫ్టీ వాల్వు బయటకు వదులుతుంది. ఈ మూడు అంచెల్లో ఏ ఒక్కదాన్నీ "కరెంటు మాటిమాటికీ పోతోంది", "నీళ్లు కారుతున్నాయి" అన్న కారణంతో తీసేయించకూడదు. నీరు కాగినప్పుడు ఉబ్బుతుంది. 25 లీటర్లు 25 నుంచి 60 డిగ్రీలకు చేరేసరికి సుమారు 350 మిల్లీలీటర్లు పెరుగుతుంది. చన్నీటి దారిలో నాన్ రిటర్న్ వాల్వు ఉన్నప్పుడు ఆ పెరిగిన నీటికి వెనక్కు పోయే దారి లేదు కాబట్టి సేఫ్టీ వాల్వు చుక్కలు చుక్కలుగా వదులుతుంది. అది చేయవలసిన పని అది చేస్తోంది. ఒక సన్నని గొట్టం తగిలించి గచ్చు మీది తూము దగ్గరకు మళ్లిస్తే చాలు. దాని మూతికి బిరడా కొట్టడం మాత్రం గదిలో బాంబు పెట్టుకోవడమే.

ఇక ఎవరూ పట్టించుకోని భాగం ఆనోడ్ రాడ్. ఉక్కు కంటే ముందుగా తాను తుప్పు పట్టి ట్యాంకును కాపాడేందుకు పెట్టే మెగ్నీషియం కడ్డీ అది. మా ఇంట్లో బోరు నీటి మీద నాలుగేళ్లు నడిచిన గీజరును విప్పించినప్పుడు, బొటనవేలంత లావుండవలసిన ఆ కడ్డీ స్థానంలో లోపలి సన్నని ఇనుప తీగ ఒకటి, దానికి అక్కడక్కడ తెల్లని పెళ్లలు మిగిలాయి. అడుగున రెండు దోసిళ్ల సున్నపు రవ్వ చేరింది. ఎలిమెంటు మీద పేరుకున్న పొర గుడ్డు పెంకు కంటే మందంగా ఉంది. ఆ పొర వేడిని నీటికి చేరనివ్వదు. ఎలిమెంటు లోలోపల మాడి పగులుతుంది. ట్యాంకుకు చిల్లు పడకముందే చూశాను కాబట్టి కడ్డీ, ఎలిమెంటు, రబ్బరు వాషరు మార్చడంతో సరిపోయింది.

కొనేటప్పుడు నిల్వ గీజర్లకు భారత ప్రమాణమైన ఐఎస్ 2082 ముద్ర, స్టార్ లేబుల్ చూడండి. నీటిని వాడకుండా ఊరికే వేడిగా ఉంచడానికి 24 గంటల్లో ఎంత కరెంటు పోతుందో ఆ లేబుల్ చెబుతుంది. ఉదయం గంటసేపు మాత్రమే స్విచ్ వేసే ఇంటికి ఈ నష్టం తక్కువ. పొద్దంతా వేసి ఉంచే ఇంటికి, అద్దె గదులకు, ఎక్కువ స్టార్లున్నది త్వరగానే తన ధర తాను రాబట్టుకుంటుంది.

ఇన్‌స్టంట్ గీజరులో నిల్వ లేదు, ఒకటి నుంచి మూడు లీటర్లే. 3 కిలోవాట్ల ఎలిమెంటు నిమిషానికి 43 కిలోకెలరీలు ఇస్తుంది కాబట్టి, 22 డిగ్రీల నీటిని 40కి తేవాలంటే నిమిషానికి 2.4 లీటర్ల ధారే వస్తుంది. వంటింటి సింకుకు బాగుంటుంది. బకెట్ నిండాలంటే ఆరేడు నిమిషాలు నిలబడాలి. గ్యాస్ గీజరు త్వరగా కాస్తుంది గాని, గాలి ఆడని స్నానాల గదిలో అది గాలిలోని ఆక్సిజన్‌ను తగ్గించి, వాసన లేని కార్బన్ మోనాక్సైడును వదులుతుంది. దాన్ని బయట గోడకు బిగించి వేడినీటి గొట్టాన్ని మాత్రమే లోపలికి తెచ్చుకోండి, లేదా అసలు వద్దు.

సోలారులో రెండు జాతులున్నాయి. పలక రకంలో, నల్లని పూత పూసిన రాగి రేకుకు అతికిన సన్నని గొట్టాల్లో నీరు కాగి పైకి లేస్తుంది. పైనున్న ట్యాంకు అడుగునుంచి చన్నీరు ఆ ఖాళీలోకి దిగుతుంది. మోటారు లేదు, కరెంటు లేదు. మొదట చెప్పిన ఆ 14 గ్రాముల తేడాయే నీటిని పొద్దంతా తిప్పుతుంది. గాజు గొట్టాల రకంలో రెండు పొరల గాజు, మధ్యలో గాలి తీసేసిన ఖాళీ ఉంటుంది, మన టీ ఫ్లాస్కు లాగా. ప్రతి గొట్టంలోనూ వేడినీరు పై గోడ వెంట ట్యాంకులోకి ఎక్కుతుంది, చన్నీరు కింది గోడ వెంట జారుతుంది. శ్రీకాకుళం జిల్లా ఉద్దానం వైపు గాని, విజయనగరం చుట్టుపక్కల గాని, బోరు నీటిలో సున్నం ఎక్కువగా ఉన్నచోట నేను గాజు గొట్టాల రకాన్నే సూచిస్తాను, ఎందుకంటే పలకలోని సన్నని గొట్టాలు కొన్నేళ్లలో పూడుకుపోతాయి. అయితే మేడ మీదికి కొబ్బరి చెట్లు వంగి ఉన్న ఇంటికి ఇదే మాట చెప్పను. కాయ గాని మట్ట గాని పడితే గాజు గొట్టం నిలవదు. పలక మీది గట్టి అద్దం కొంత ఓర్చుకుంటుంది.

హీట్ పంపు ఫ్రిజ్‌ను తిరగేసినట్టు పనిచేస్తుంది: బయటి గాలిలోని వేడిని లాగి ట్యాంకులోని నీటికి ఇస్తుంది. ఒక యూనిట్ కరెంటుకు సుమారు మూడు యూనిట్ల వేడి వస్తుంది. 150 లీటర్లను 25 నుంచి 55 డిగ్రీలకు తేవడానికి మామూలు గీజరుకు 5.2 యూనిట్లు ఖర్చయితే దీనికి పావు తక్కువ రెండు చాలు. వెచ్చగా, తేమగా ఉండే మన కోస్తా గాలి దానికి బాగా సరిపోతుంది. ధర ఎక్కువ, కంప్రెసరు చప్పుడు ఉంటుంది, గాలి ధారాళంగా ఆడే చోటు కావాలి. ఉమ్మడి కుటుంబాలకు, చిన్న లాడ్జీలకు అది లాభం, నలుగురికి కాదు.

కట్టెల బాయిలరు ఇంకా ఉన్నవారు దాన్ని అమ్మేయవద్దని కోరుతున్నాను. మూడు జాగ్రత్తలు చాలు: నీరు నింపకుండా నిప్పు పెట్టకూడదు (అతుకులు విడిపోతాయి), కొమ్మును ఎన్నడూ మూయకూడదు, పొగ ఇంట్లోకి రాని చోట, పెరట్లోనే వాడాలి.

నాలుగవ పని: గీజరు బిగించే క్రమం

చోటు ముందు. 25 లీటర్ల గీజరు నీటితో కలిపి 35 కిలోలు దాటుతుంది కాబట్టి గట్టి ఇటుక గోడకు యాంకర్ బోల్టులతో తగిలించాలి. కింద ఒక అడుగు ఖాళీ ఉంచాలి. లేకపోతే తర్వాత ఎలిమెంటు బయటకు లాగడానికి మొత్తం గీజరును దింపాలి. షవరు ధార తగిలే చోట వద్దు. కుళాయికి ఎంత దగ్గరగా ఉంటే అంత మంచిది, ఎందుకంటే ముప్పాతిక అంగుళం గొట్టంలో మీటరుకు సుమారు పావు లీటరు నీరు నిలిచి, ప్రతిసారీ చల్లారిపోతుంది.

చన్నీటి దారిలో ముందు గేటు వాల్వు, తర్వాత సేఫ్టీ వాల్వు, ఆ తర్వాత గీజరు రావాలి. సేఫ్టీ వాల్వుకూ గీజరుకూ మధ్య మూయగలిగినది ఏదీ ఉండకూడదు. గొట్టాలు వేడిని తట్టుకునే సీపీవీసీ రకానివి కావాలి. మామూలు తెల్ల పీవీసీ గొట్టం వేడికి మెత్తబడి అతుకు దగ్గర ఊడిపోతుంది.

కరెంటు పని ఎలక్ట్రీషియన్ చేతే చేయించాలి, కాని ఏమి చేయించాలో మనకు తెలిసి ఉండాలి. 2 కిలోవాట్ల గీజరు 230 వోల్టుల దగ్గర దాదాపు 8.7 ఆంపియర్లు లాగుతుంది, 3 కిలోవాట్లది 13. బోర్డు నుంచి విడిగా 2.5 చదరపు మిల్లీమీటర్ల రాగి తీగ, దూరం ఎక్కువైనా 3 కిలోవాట్లదైనా 4 చదరపు మిల్లీమీటర్లది, 16 ఆంపియర్ల సాకెట్, దానికి తన సొంత ఎంసీబీ (లోడు మించితే తానే పడిపోయే స్విచ్), వీటన్నిటికీ ముందు, కరెంటు లీకైతే వెంటనే ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ ఉండాలి. మన ఊళ్లలో పాత ఇళ్లకు ఎర్తింగ్ ఉండదు, లేదా ఎప్పుడో పాతిపెట్టిన కడ్డీ తుప్పుపట్టి తెగిపోయి ఉంటుంది. అలాంటి చోట కొందరు ఎర్త్ పిన్నును న్యూట్రల్‌కు కలిపి "అయిపోయింది" అంటారు. దీనికి ఒప్పుకోకండి. దారిలో న్యూట్రల్ తీగ ఎక్కడైనా తెగితే గీజరు ఒళ్లంతా కరెంటు పాకుతుంది. కింద తడి కాళ్లతో మనిషి ఉంటాడు. గీజరు కొనే డబ్బులో కొంత తగ్గించుకునైనా ముందు ఎర్తింగ్ వేయించండి. బకెట్లో వేసే ఇమ్మర్షన్ రాడ్డును చిన్నపిల్లలున్న ఇంట్లో వాడవద్దని చెప్పడానికీ కారణం ఇదే.

అంతా బిగించాక, స్విచ్ వేయకుండా ముందు నీరు నింపాలి. గేటు వాల్వు తెరిచి, వేడినీటి కుళాయి కూడా తెరిచి ఉంచండి. మొదట గాలి బుసబుసమంటూ వస్తుంది, తర్వాత గడగడలాడుతూ నీరు, చివరకు నిలకడైన ధార. ఆ ధార వచ్చిన తర్వాతే కుళాయి కట్టి, అతుకులన్నీ తడిమి చూసి, స్విచ్ వేయాలి. నీరు లేని ట్యాంకులో ఎలిమెంటు నిమిషాల్లో కాలిపోతుంది.

ఐదవ పని: సోలారు అమర్చే క్రమం

శ్రీకాకుళం, విజయనగరం 18 డిగ్రీల ఉత్తర అక్షాంశం దగ్గర ఉన్నాయి. వేణ్నీళ్లు కావలసినది చలికాలంలో, అప్పుడు సూర్యుడు దక్షిణానికి వాలి ఉంటాడు కాబట్టి, ఫలకం ముఖం దక్షిణానికి పెట్టి, 30 డిగ్రీల వరకు వాలు ఇస్తే మంచిది. పుష్య మాసంలో ఉదయం తొమ్మిది నుంచి మూడు వరకు దాని మీద నీడ పడకూడదు. వేసవిలో చూసి చోటు నిర్ణయిస్తే చలికాలంలో పక్క మేడ నీడ వచ్చి పడుతుంది.

ఎత్తుల వరుస తప్పితే మిగిలినదంతా వృథా. అన్నిటికంటే పైన చన్నీటి ట్యాంకు, దాని అడుగు సోలారు ట్యాంకు తల కంటే కనీసం ఒక అడుగు పైన ఉండాలి. పలక రకంలో సోలారు ట్యాంకు అడుగు పలక పై అంచు కంటే మరో అడుగు పైన ఉండాలి. ఈ రెండో ఎత్తు తగ్గితే, పగలు కాగిన నీరు రాత్రి వెనక్కు తిరిగి పలకలోకి జారి ఆకాశానికి వేడిని వదిలేస్తుంది, తెల్లారేసరికి ట్యాంకు చల్లగా ఉంటుంది. సోలారు ట్యాంకు నెత్తిన గాలి గొట్టం పెట్టి, దాన్ని చన్నీటి ట్యాంకు నీటి మట్టం కంటే పైకి లేపాలి. దాని మూతిని ఎప్పుడూ మూయకూడదు. మేడ నుంచి కిందికి వచ్చే వేడినీటి గొట్టానికి నురుగు తొడుగు వేయించండి, ఎండకు ఆ తొడుగు చీలిపోకుండా పైన పట్టీ చుట్టించండి. 15 మీటర్ల గొట్టమైతే ప్రతి ఉదయం దాదాపు నాలుగు లీటర్ల చన్నీరు ముందుగా వస్తుంది. ఒక బకెట్లో పట్టి మొక్కలకు పోయవచ్చు.

గాజు గొట్టాల్లో మొదటిసారి నీరు నింపేది తెల్లవారకముందే. మా మేడ మీద ట్యాంకు కడిగించిన రోజు, ఖాళీ గొట్టాలు మధ్యాహ్నం దాకా ఎండలో మాడాయి. భోజనమయ్యాక వాల్వు తెరిచారు. చన్నీరు తగలగానే టప్, టప్‌మని మూడు గొట్టాలు పగిలాయి. తప్పనిసరిగా పగలు నింపవలసి వస్తే, గొట్టాల మీద గోనె పట్టాలు కప్పి పూర్తిగా చల్లారనివ్వాలి. గొట్టం పైకి బాగానే ఉన్నా లోపలి శూన్యం పోయిందో లేదో తెలుసుకోవడానికి దాని కింది కొన చూడండి. మంచి గొట్టానికి అక్కడ అద్దంలా మెరిసే వెండి మచ్చ ఉంటుంది. గాలి చొరబడితే అది పాలలా తెల్లబడుతుంది. అలాంటి ఒక్క గొట్టాన్నే మార్చుకోవచ్చు.

మబ్బు రోజుల కోసం సోలారు ట్యాంకులో ఎలిమెంటు పెడతారు. దాన్ని రాత్రంతా వేసి ఉంచితే తెల్లారేసరికి ట్యాంకు నిండా వేడినీరే ఉంటుంది, సూర్యుడికి కాచడానికి ఏమీ మిగలదు. ఉదయం అవసరానికి అరగంట ముందు వేసుకుని, స్నానాలు కాగానే ఆపేయాలి.

ఆరవ పని: రోజువారీ వాడకం, ఏటా ఒకసారి శుభ్రం

నిల్వ నీరు ఎన్ని డిగ్రీల దగ్గర ఉండాలన్న దానిలో రెండు వైపులా ప్రమాదం ఉంది. గోరువెచ్చగా రోజుల తరబడి నిలిచిన నీటిలో ఊపిరితిత్తులకు జబ్బు తెచ్చే లెజియోనెల్లా బ్యాక్టీరియా పెరుగుతుంది. 60 డిగ్రీలకు అది బతకదు. కాని అదే 60 డిగ్రీల నీరు పెద్దవారి చర్మాన్ని ఐదారు సెకన్లలో కాల్చగలదు, పసిపిల్లలకు ఇంకా త్వరగా. కాబట్టి నిల్వ 60 దగ్గర ఉంచి, బకెట్లో ఎప్పుడూ ముందు చన్నీరు, తర్వాత వేడినీరు పోసే అలవాటు ఇంటిల్లిపాదికీ చేయండి. 60 దాటించకండి, అక్కడినుంచి సున్నం పేరుకోవడం మరీ ఎక్కువవుతుంది.

ఏటా ఒకసారి, బోరు నీరైతే చలికాలం ముందు తప్పకుండా, గీజరు విప్పించాలి. ఎంసీబీ దించి నీరు చల్లారేదాకా ఆగండి. గేటు వాల్వు కట్టి, వేడినీటి కుళాయి తెరిచి, కింది నుంచి నీరు వదలండి. ఎలిమెంటును బయటకు తీసి నిమ్మ ఉప్పు కలిపిన నీటిలో కొన్ని గంటలు నాననిస్తే సున్నం మెత్తబడి రాలుతుంది. గాజు పూత ఉన్న ట్యాంకును లోపల ఇనుప కడ్డీతో గీకకూడదు. ఆనోడ్ సగానికి పైగా అరిగితే మార్చేయండి. పాత రబ్బరు వాషరును మళ్లీ పెట్టకండి. తిరిగి నింపడం మొదటిసారి నింపినట్టే, ధార వచ్చేదాకా.

తుపాను రోజుల్లో

2014 అక్టోబరు 12న హుద్‌హుద్, 2018 అక్టోబరు 11న తిత్లీ మనకు నేర్పిన పాఠాలు మేడ మీది సామానుకు కూడా వర్తిస్తాయి. సోలారు కాళ్లను స్లాబుకు బోల్టులతో బిగించి ఉండాలి. ఉప్పు గాలికి ఆ బోల్టులు తుప్పు పడతాయి కాబట్టి స్టెయిన్‌లెస్‌వి వాడి, ఏటా వానలకు ముందు తడిమి చూడాలి. హెచ్చరిక రాగానే ట్యాంకులన్నీ నింపండి. 200 లీటర్ల నీరు 200 కిలోల బరువై చట్రాన్ని పట్టి ఉంచుతుంది. గీజరు ఎంసీబీ దించి ఉంచి, కరెంటు తిరిగి వచ్చి వోల్టేజీ నిలకడ పడిన తర్వాతే ఎత్తండి.

తిత్లీ తర్వాత కాశీబుగ్గ దగ్గర మా బంధువుల ఇంటికి వెళ్లాను. కరెంటు లేదు, మోటారు తిరగదు, చన్నీటి ట్యాంకు ఖాళీ. మేడ మీద సోలారు మాత్రం చెక్కుచెదరలేదు, ఎండ బాగా కాస్తోంది, ట్యాంకు నిండా వేడినీరు ఉంది. అయినా స్నానాల గదిలో కుళాయి తిప్పితే చుక్క రావడం లేదు. సోలారు కూడా పాడైందని వాళ్లు అనుకున్నారు. నూతి నుంచి రెండు బకెట్లు తోడించి, మెట్లెక్కి, చన్నీటి ట్యాంకులో పోయించాను. గొట్టంలోని గాలి పోయాక, కింద కుళాయిలోంచి ఆవిరి కక్కుతూ ఇంచుమించు రెండు బకెట్ల వేణ్నీళ్లు వచ్చాయి.